పై గదుల కరెంటు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

పైన రెండు గదులు, బాత్రూమ్ వేస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. టైల్స్ గురించి అరగంట మాట్లాడావట గానీ కరెంటు ఊసే ఎత్తలేదట. అందుకే రాస్తున్నాను.

కింది బోర్డులోంచే ఒక వైరు పైకి లాగేద్దామంటారు. ఒప్పుకోకు. ముందు కాగితం మీద లెక్క వేయి. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1,700 వాట్లు. రెండు ఏసీలు, 2,000 వాట్ల గీజరు కలిపితే 5,400. 230 వోల్టులతో భాగిస్తే 23 ఆంపియర్లు దాటింది. ఇది పైది మాత్రమే, కింద వాడేది దీనికి కలపాలి. మీటరు, సర్వీసు వైరు అంత మోయలేకపోతే లోడు పెంచమని ఇప్పుడే దరఖాస్తు పెట్టు, గోడలు పూశాక కాదు.

మా ఇంట్లో జరిగింది విను. ఎంసీబీ, అంటే కరెంటు మించితే దానంతటదే ఆపేసే స్విచ్చి, మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ 16 ఆంపియర్లది తీసి 32ది బిగించాడు. పడటం ఆగింది, మేమూ హాయిగా ఉన్నాం. కొన్నాళ్లకు స్విచ్‌బోర్డు దగ్గర కాలిన వాసన. మెయిన్ ఆపి ప్లేటు విప్పితే ఎర్ర వైరు తొడుగు నల్లబడి, వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. లోపలి రాగి తీగ ఇనుప పెట్టెకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. పిల్లలు రోజూ చెయ్యి పెట్టే చోటురా అది! ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. వైరు మార్చకుండా దాన్ని పెంచితే కాపలా తీసేసినట్టే. నీ ఇంట్లో ఆ పని ఎవరినీ చేయనివ్వకు.

పైన విడిగా ఒక డీబీ, అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టె, పెట్టించు. మెయిన్ బోర్డు నుంచి దానికి లోడుకు తగ్గ మందంలో ఫేజ్ (కరెంటు తెచ్చేది), న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్లేది), ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపేది) వైర్లు, ఆ లైనుకు కింద సొంత ఎంసీబీ ఉండాలి. దూరం ఎక్కువైతే వైరు సైజు ఇంకొకటి పెంచించు, లేకపోతే ఏసీ ఆన్ అయినప్పుడల్లా లైట్లు మసకబారతాయి.

పై డీబీలో న్యూట్రల్, ఎర్త్ ఒకే పట్టీకి బిగిస్తున్నారేమో దగ్గరుండి చూడు. కలిపితే న్యూట్రల్ కరెంటు ఎర్త్ వైరులోనూ పారుతుంది. కింది నుంచి వచ్చే న్యూట్రల్ ఊడిందా, మొత్తం ఎర్త్ మీదే పడుతుంది. ఆ ఎర్త్ కూడా సరిగా లేకపోతే గీజరు ముట్టుకుంటే షాకే. బాత్రూమ్ ఉంది కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వదలకు. డీబీలో నాలుగు ఖాళీ గళ్లు ఉంచించు, రేపు ఏదో ఒకటి కొంటావు.

మెయిన్ ఆపినా మీటరు నుంచి మెయిన్ దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ ముక్క జోలికి నువ్వు వెళ్లొద్దు, లైసెన్సు ఉన్న మనిషే ముట్టుకోవాలి.

లెక్క వేసిన కాగితం ఫొటో తీసి పంపు. వైరింగ్ మొదలయ్యే రోజు చెప్పు, నేనూ వస్తాను.

మీ మామయ్య