బాలనటుడు జాకీ కూగన్ సంపాదన ఏమైంది? అతని పేరిట వచ్చిన చట్టం అతనికి ఉపయోగపడిందా?

ఉపయోగపడలేదు, కూగన్ చిన్నతనంలో సంపాదించిన 30–40 లక్షల డాలర్లలో చాలా భాగాన్ని తల్లి, సవతి తండ్రి ఖర్చు పెట్టేశారు, చట్టం ఆ తర్వాతే వచ్చింది.

1921లో విడుదలైన చాప్లిన్ సినిమా ‘ది కిడ్’లో, తలకు మించిన టోపీతో కనిపించే చిన్న పిల్లవాడు ఇతనే. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనరు సంపాదన తల్లిదండ్రులకే చెందుతుంది. అన్యాయమంతా అక్కడే ఉంది: తెర మీద కష్టం బిడ్డది, ఖాతా పెద్దలది. 1938లో కూగన్ దావా వేశాడు. చివరికి చేతికందింది సుమారు 1,26,000 డాలర్లు.

ఈ వ్యవహారం రేపిన ఆగ్రహంతో, బాలనటుల సంపాదనలో కొంత వారి కోసం దాచేలా 1939లో కాలిఫోర్నియాలో ‘కూగన్ చట్టం’ వచ్చింది. అయితే అది కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే వర్తించేది, ఎంత దాచాలన్నదీ కోర్టు ఇష్టమే. అసలైన మార్పు 2000లో జరిగింది. సంపాదన పిల్లలదేనని తేలింది, 15 శాతం ట్రస్టు ఖాతాలో వేయడం తప్పనిసరైంది. ఉదాహరణకు, ఒక పాప లక్ష డాలర్లు సంపాదిస్తే కనీసం 15,000 ఆమె మేజరయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

మొత్తం సంపాదనకూ రక్షణ ఉందని చాలామంది పొరబడతారు. ఖాతాలో తప్పనిసరిగా పడేది ఆ 15 శాతమే. బాల్యంతోనే కూగన్ నటన ముగిసిందనుకోవడమూ సరికాదు. 1964–66లో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ టీవీ ధారావాహికలో గుండుతో కనిపించే అంకుల్ ఫెస్టర్ అతనే.