వాట్లు లెక్కపెట్టే ముందు మీ నీడ ఎక్కడ పడుతోందో చూడండి

హాల్లో, బెడ్‌రూమ్‌లో, వంటింట్లో ఎన్నేసి వాట్ల బల్బులు పెట్టాలి, తెల్ల లైటు మంచిదా పసుపు లైటు మంచిదా అని అడిగారు. చెప్తాను గానీ, దానికన్నా ముందు ఒక పని చేయండి. చీకటి పడ్డాక లైట్లన్నీ వేసి, ఇంట్లో రోజూ పని చేసుకునే ప్రతి చోటుకీ వెళ్లి అక్కడ మామూలుగా ఎలా ఉంటారో అలాగే కూర్చోండి, నిలబడండి. మీ నీడ ఎటు పడుతోందో చూడండి. చేసే పని మీదే పడుతోందంటే ఆ గదికి ఎంత పెద్ద బల్బు తెచ్చినా దండగే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా నాన్న వల్ల. ఆయనకి డెబ్భై దాటాయి. రోజూ రాత్రి గోడ పక్కన ఉన్న బల్ల దగ్గర కూర్చుని కాసేపు చదువుకుని, మాత్రలు వేసుకుని పడుకుంటారు. ఒక రాత్రి, పొద్దున వేసుకున్న బీపీ మాత్రే మళ్లీ వేసుకున్నారు. రెండు అట్టలూ వెండి రంగువే, వాటి మీద అక్షరాలు చీమ తలకాయంత. డాక్టరుకి ఫోన్ చేస్తే కనిపెట్టుకుని ఉండమన్నారు, తెల్లారేదాకా గంటకోసారి బీపీ చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు గానీ ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "అక్షరాలు ఆనలేదమ్మా" అన్నారు, అంతే.

అద్దాలు మార్పించాం. తేడా లేదు. లైటు చాలట్లేదేమో అని గది మధ్యలో ఉన్న 9 వాట్ల బల్బు తీసేసి 15 వాట్లది పెట్టాను, అదీ చాలక 20 వాట్ల తెల్ల ట్యూబు పెట్టించాను. గది పట్టపగల్లా అయింది, ఆయన మాత్రం కుర్చీ ఇంకా వెనక్కి జరుపుకుని, "ఇంత లైటు ఎందుకమ్మా, కళ్లలో గుచ్చుకుంటోంది" అన్నారు. అలా మూడు వారాలు గడిచాక ఏదో రసీదు వెతుకుతూ నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. నా తల నీడ నల్లగా కాగితం మీద పడింది. లైటంతా నా వీపు మీదుంది. మూడు వారాలుగా నేను పెంచిన వెలుగంతా ఆయన వీపుకే తగిలిందన్నమాట!

మర్నాడే మెడ వంచే టేబుల్ ల్యాంపు ఒకటి తెచ్చాను, 6 వాట్లది. ఆయన కుడిచేతి వాటం కాబట్టి ఎడమ పక్కన పెట్టాను, బల్బు కళ్లకి కనబడకుండా మూత కిందికి వంచాను. ఆ లైటు కింద ఆయన మొదట చదివింది ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు మీద గడువు తేదీ. "ఇది పోయినేడే అయిపోయింది కదమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

దీని వెనకున్న లెక్క చిన్నదే. బల్బు సగం దూరానికి దగ్గరైతే పడే వెలుగు సుమారు నాలుగు రెట్లవుతుంది. పైగా అరవై ఏళ్ల కంటిలో రెటీనా (కంటి వెనక తెర) దాకా చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటిలో చేరేదానిలో దాదాపు మూడో వంతే, ఎందుకంటే కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ పసుపెక్కి మసకబారుతుంది. ఆ మసక లెన్స్ మీద నేరుగా లైటు పడితే చెదిరిపోయి కళ్లు చెదురుతాయి. అందుకే పెద్దవాళ్లకి పని మీద ఎక్కువ వెలుగు కావాలి, కళ్లలోకి మాత్రం రాకూడదు.

ఇక వాట్ల సంగతి. వాట్ అంటే బల్బు తినే కరెంటు, ఇచ్చే వెలుగు కాదు. వెలుగుని ల్యూమెన్లలో చూడాలి. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇచ్చేది, ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ అంత ఇస్తుంది. కానీ డబ్బా మీద వాట్లు బొటనవేలంత, ల్యూమెన్లు భూతద్దం పెట్టి వెతుక్కునేంత! నాకు దీని మీద చాలా కోపం. పక్కనే సీఆర్‌ఐ అని, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత అసలుగా కనబడతాయో చెప్పే అంకె, ఉంటే అదీ చూడండి, 90 దాటితే రంగులు సరిగ్గా కనబడతాయి. అది తక్కువైన లైటు కింద నలుపుకీ ముదురు నీలానికీ తేడా తెలీదు.

తెలుపా పసుపా అంటే, తెల్ల లైటుకి వెలుగెక్కువ అనుకోవడం తప్పు, ల్యూమెన్లు సమానమైతే వెలుగూ సమానమే. లైటు రంగుని కెల్విన్లలో చెప్తారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ తెలుపు, ఆపైన నీలం వైపు. బెడ్‌రూమ్‌కి, హాలుకి 2700 నుంచి 3000 కెల్విన్, వంటింటికి, చదువుకునే చోటుకి 4000. 6500 నేనైతే ఇంట్లో ఎక్కడా పెట్టను. రాత్రిపూట నీలం పాలు ఎక్కువున్న లైటు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని అణిచేస్తుంది, పడుకునే గదిలో దాన్ని పెట్టుకుని నిద్ర పట్టట్లేదంటే ఏం లాభం?

వంటింట్లో తరిగే గట్టు మీద మీ నీడే పడుతుంది కాబట్టి పై అరల అడుగున పట్టీ లైటు వేయించండి. అద్దం దగ్గర లైటు తల మీద కాకుండా ముఖానికి రెండు పక్కలా ఉండాలి, లేకపోతే కళ్ల కింద గుంటలే కనబడతాయి. మంచం మీద ఫాల్స్ సీలింగ్ స్పాట్‌లైట్లు మాత్రం దయచేసి వద్దు, వెల్లకిలా పడుకున్న మనిషి కళ్లలోకే కొడతాయవి. ఎవరు మొదలుపెట్టారో గానీ ఇప్పుడు ప్రతి డిజైన్ బొమ్మలోనూ అవే.

మీ ఇంట్లో ఇంకా వైరింగ్ జరుగుతుంటే బల్ల ఎక్కడ వేస్తారో, మంచం తల ఎటు ఉంటుందో ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పి, ఆ చోట్ల ప్లగ్ పాయింటు తప్పకుండా పెట్టించుకోండి. పెద్దవాళ్లుంటే మంచం నుంచి బాత్రూమ్ దాకా నేలకి దగ్గరగా ఒక సన్నటి లైటు కూడా.