జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌ని పెట్టుకోవడం డబ్బు దండగా?

దండగ కాదు. అలాగని ఏడాది పొడవునా అక్కర్లేదు. మొదటి రెండు మూడు నెలలు పెట్టుకుని, బరువులు ఎత్తే పద్ధతి ఒంటికి పట్టాక మానేయండి. "యూట్యూబ్ ఉండగా జిమ్ ఫీజు మీద మళ్లీ ఇంకో ఫీజు ఎందుకు" అని అడిగారు కదా. యూట్యూబ్‌లో మనం వాళ్లని చూస్తాం గానీ వాళ్లు మనల్ని చూడరు.

మాది విశాఖపట్నం. టీచర్‌ని, రోజంతా నిలబడే పని, నడుము నొప్పి పాతదే. నాకు కుదిరిన కుర్రాడిది విజయనగరం దగ్గర కొండవెలగాడ వైపు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు అంటే మా వైపు ఎవరైనా ఆ పేరే చెబుతారు. మొదటి రోజు నాకు డంబెల్ ఇవ్వలేదు సరికదా, గది తుడిచే మాప్ కర్ర ఊడదీసి తెచ్చి నా వీపుకి నిలువుగా ఆనించాడు. తల వెనక, భుజాల మధ్య, వెన్ను చివర, మూడు చోట్లా కర్ర తగలాలట. "ఏదీ వదలకుండా ముందుకి వంగండక్కా" అన్నాడు. నేను ఇలా వంగానో లేదో, కింద కర్ర గాల్లోకి లేచింది. "నడుము వంచకండి, తుంటి వెనక్కి తొయ్యండి. చేతినిండా బట్టలుంటే బీరువా తలుపు వెనకతో నెట్టి మూస్తారు కదా, అలాగ." ఈసారి మూడూ కర్రకి అంటుకునే ఉన్నాయి, తొడల వెనక నరాలు జివ్వున లాగాయి. నేల మీది బరువుని పైకి లేపే డెడ్‌లిఫ్ట్‌కి అసలు కదలిక అదేనట! గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్ఫై దాకా ఉంటుంది. ఇప్పుడు దాన్ని కూడా అలాగే లేపుతున్నాను, నడుము పట్టేయడం లేదు.

ఇలాంటివి పక్కన మనిషి ఉంటేనే వస్తాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరికే ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న గారు దగ్గరుండి నేర్పారు. మనమెంత?

బరువు తగ్గడం కోసమే అయితే మాత్రం ట్రైనర్ వద్దు. అది కంచంలో తేలే విషయం. బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్లు ఆపేస్తారు, హాయిగా నడవండి, పైసా ఖర్చు లేదు. కాకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాల నడకలాంటిదే కాకుండా, కనీసం రెండు రోజులు కండరాలకి కూడా పని చెప్పమంది. మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మొదటిది విని రెండోది వదిలేస్తారు. బరువులెత్తితే మగాళ్లలా తయారవుతామని భయం. ఏళ్ల తరబడి బిందెలు మోసినప్పుడు రాని కండలు ఇప్పుడొస్తాయా?

ఇక కొందరు ట్రైనర్లుంటారు. బీపీ ఉందా, షుగర్ ఉందా, మోకాలికి ఏమైనా అయిందా అని అడగరు. చేరిన రోజే ప్రొటీన్ డబ్బా అంటగడతారు. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుందయ్యా, ముందు రెండు గుడ్లు తిననియ్యి! మనం స్క్వాట్‌లో, అంటే గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడంలో, వణుకుతుంటే ఫోన్‌లో రీల్స్ చూస్తూ "ఇంకో రెండు, ఇంకో రెండు" అంటారు. వీళ్లకన్నా యూట్యూబే నయం. అందుకే ముందు ఒక్క క్లాసు ఊరికే చూస్తానని అడగండి.

ఏడాది డబ్బు ఒకేసారి మాత్రం కట్టొద్దు. ట్రైనర్లు చెప్పాపెట్టకుండా జిమ్ మారిపోతారు, మిగిలిన క్లాసుల సంగతి రిసెప్షన్‌లో ఎవరికీ తెలియదు. మా కుర్రాడూ వెళ్లిపోయాడు. అప్పటికి నేను నేర్చుకోవాల్సింది అయిపోయింది కాబట్టి సరిపోయింది.