కంపెనీ అమ్మకం తేలకముందే ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: నేను జర్మనీలోని ఒక కార్ల కంపెనీలో 26 నెలలుగా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మాది ఒక విదేశీ కంపెనీకి అనుబంధ సంస్థ. మాతృసంస్థ నష్టాల్లో ఉంది. మమ్మల్ని అమ్మేస్తారని ఏడాదిగా వార్తలు వస్తున్నాయి. ఒక నెల ఖాయమంటారు, మరో నెల ఆగిపోయిందంటారు. నెలకు నా చేతికి 3,900 యూరోలు వస్తాయి, ఇంటి ఖర్చు 2,700. బ్యాంకులో 19,000, మాతృసంస్థ షేర్లలో 12,000 యూరోలు ఉన్నాయి. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. బ్లూ కార్డ్ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఉన్నాం. జర్మన్ భాషలో ఏ2 స్థాయి (ఏ1 తర్వాతది, బీ1కి ముందుది) పూర్తిచేశాను. హైదరాబాద్ తెల్లాపూర్‌లో 1.25 కోట్ల ఫ్లాట్‌కు 2 లక్షలు టోకెన్ ఇచ్చాను. వచ్చే నెల మరో 23 లక్షలు కట్టాలి, మిగతా కోటి బ్యాంకు రుణం. ఈలోగా, స్వచ్ఛందంగా వెళ్లిపోయేవారికి పరిహారం ఇస్తామని కంపెనీ లేఖ పంపింది. నాకు దాదాపు 6,000 యూరోలు వస్తాయి. అది తీసుకోవాలా, అమ్మకం తేలేదాకా ఆగాలా? ఫ్లాట్ సంగతి ఏం చేయాలి? కంపెనీ పేరు రాయవద్దని మనవి.

జవాబు: మీరు చాలా విషయాలు అడిగారు. కానీ వాటన్నిటి వెనుక ఒకే నమ్మకం కనిపిస్తోంది. ఏదో ఒక రోజు అమ్మకం తేలిపోతుంది, ఆ రోజు మన దారి మనకు స్పష్టంగా కనిపిస్తుంది అని. ఆ నమ్మకం మీదే ఏడాది గడిపారు. ముందుగా దాన్ని వదులుకోమని చెబుతున్నాను. ఎందుకో మీరున్న దేశపు చరిత్రే చెబుతుంది.

ఓపెల్ సంగతి మీ సీనియర్ సహోద్యోగులను అడగండి, వాళ్లకు బాగా గుర్తుంటుంది. రూసెల్స్‌హైమ్‌లో పుట్టిన ఆ కార్ల కంపెనీ 1929 నుంచి అమెరికాలోని జనరల్ మోటార్స్ చేతిలో ఉండేది. 2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరింది. దానికి రెండు రోజుల ముందే జర్మనీ ప్రభుత్వం రాత్రంతా చర్చలు జరిపి, ఓపెల్ కూలిపోకుండా 150 కోట్ల యూరోల తాత్కాలిక రుణం ఏర్పాటు చేసింది. కొనడానికి ఇటలీ నుంచి ఫియట్, బెల్జియం నుంచి పెట్టుబడి సంస్థ ఆర్‌హెచ్‌జే, కెనడా నుంచి విడిభాగాల కంపెనీ మాగ్నా పోటీపడ్డాయి. ప్రభుత్వం మొగ్గు మాగ్నా వైపే. రష్యా బ్యాంకు స్బేర్‌బ్యాంక్‌తో కలిసి మాగ్నాకు 55 శాతం, జనరల్ మోటార్స్‌కు 35, ఉద్యోగులకు 10 శాతం వాటా అని లెక్కలు కూడా రాసుకున్నారు. సెప్టెంబరు 10న జనరల్ మోటార్స్ బోర్డు మాగ్నాకే ఇస్తామని ప్రకటించింది. అదే నెల 27న జర్మనీలో ఎన్నికలు జరిగాయి. ఇక సంతకాలే మిగిలాయని అందరూ అనుకున్నారు.

నవంబరు 3న అదే బోర్డు సమావేశమై ఓపెల్‌ను అమ్మబోమని తేల్చింది. ఆ రోజు ఛాన్సలర్ మెర్కెల్ వాషింగ్టన్‌లో ఉన్నారు, అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించారు. ప్రభుత్వం హామీ, ఎన్నికల వాగ్దానం, కార్మిక సంఘాల మద్దతు, వార్తాపత్రికల పతాక శీర్షికలు అన్నీ ఉన్న ఒప్పందమే ఒక్క సాయంత్రంలో రద్దయింది. అలాంటప్పుడు, మీ కంపెనీ ఎప్పుడు ఎవరి చేతికి వెళుతుందో మీ మేనేజరు చెప్పే మాట మీద ఇంటి లెక్కలు వేసుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అమ్మకం ఆగిపోతే ఉద్యోగాలు నిలిచినట్టేనా? అదీ కాదు. అమ్మకం రద్దయిన మరుసటి ఏడాది, ఏటా 26.5 కోట్ల యూరోల వేతన కోతలకు ఓపెల్ కార్మికులు ఒప్పుకోవలసి వచ్చింది. 2010 డిసెంబరులో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ కర్మాగారం మూతపడింది. 2014 డిసెంబరులో బోహుమ్‌లో కార్ల తయారీ ఆగిపోయింది. చివరకు 2017లో ఫ్రాన్స్‌కు చెందిన కార్ల కంపెనీ పీఎస్ఏ ఓపెల్‌ను కొన్నది. 2021లో పీఎస్ఏ, ఫియట్ క్రైస్లర్ కలిసి స్టెల్లాంటిస్ అయ్యాయి. అంటే 2009లో కొనలేకపోయిన ఫియట్, పన్నెండేళ్ల తర్వాత ఓపెల్‌తో ఒకే గూటికి చేరింది. అమ్మకం తేలడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అన్నేళ్లు ఏ కుటుంబమూ నిర్ణయాలు వాయిదా వేసుకుని కూర్చోలేదు.

అమ్మకం జరిగితే భద్రత వస్తుందనుకోవడానికీ వీల్లేదు. జనరల్ మోటార్స్‌కే చెందిన స్వీడన్ కంపెనీ సాబ్‌ను 2010లో డచ్ కంపెనీ స్పైకర్ కొన్నది. 2011 డిసెంబరులో సాబ్ దివాలా తీసింది. మన దేశంలోనూ పుణె దగ్గర తళేగావ్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారాన్ని చైనాకు చెందిన గ్రేట్ వాల్‌కు అమ్మడానికి 2020లో ఒప్పందం కుదిరింది. అనుమతులు రాక 2022లో అది రద్దయింది. తర్వాత హ్యుందాయ్ కొన్నది. ఈలోపు అక్కడి కార్మికులు కోర్టుల చుట్టూ తిరిగారు.

అందుకే అమ్మకం జరిగినా, ఆగినా, ఏళ్ల తరబడి నలిగినా, మూడింటిలోనూ సరిపోయే పనులే ఇప్పుడు చేయాలి. వాటిలో మొదటిది డబ్బుకు సంబంధించినది కాదు, కానీ మీ డబ్బంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన అంకె 26 నెలలు. బ్లూ కార్డ్ మీద 27 నెలలు పనిచేసి పింఛను చందా కట్టి, ఏ1 స్థాయి జర్మన్ వస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. బీ1 ఉంటే 21 నెలలకే అర్హత వస్తుంది. మీకు ఏ2 ఉంది. అంటే వచ్చే నెలతో గడువు పూర్తవుతుంది. జర్మనీ చట్టాలు, సమాజం గురించి అడిగే 'లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్' పరీక్ష రాశారా? రాయకపోతే ఈ వారమే తేదీ తీసుకోండి. 33 ప్రశ్నల్లో 15 సరిగ్గా రాస్తే చాలు. విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంటుకు ఇప్పుడే రాయండి, చాలా నగరాల్లో అది దొరకడానికే సమయం పడుతుంది. శాశ్వత నివాసం చేతికి వస్తే ఉద్యోగం పోయినా దేశం విడిచి వెళ్లాలన్న భయం ఉండదు, తొందరపడి తక్కువ జీతానికి ఒప్పుకునే అవసరమూ రాదు. ఆ దరఖాస్తు నడుస్తుండగా ఉద్యోగంలో ఉండటం ముఖ్యం. ఈ ఒక్క కారణంతోనే ఇప్పుడు రాజీనామా చేయవద్దని గట్టిగా చెబుతాను.

పరిహారం లెక్క చూసినా సమాధానం మారదు. మీ అంతట మీరే ఉద్యోగం వదులుకుంటూ 'ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్' అనే కాగితం మీద సంతకం చేస్తే, నిరుద్యోగ భృతిని సాధారణంగా 12 వారాలు నిలిపివేస్తారు. తొలగింపు ఎలాగూ తప్పదని యజమాని స్పష్టంగా చెప్పిన సందర్భాల్లో మినహాయింపులు ఉన్నాయి. మీకు వచ్చిన లేఖ అటువంటిది కాదు. పాప ఉంది కాబట్టి మీ భృతి నికర జీతంలో 67 శాతం, అంటే నెలకు దాదాపు 2,600 యూరోలు. మూడు నెలలకు 7,800. మీకిస్తామంటున్నది 6,000, అందులోనూ పన్ను పోతుంది. అంటే ఉద్యోగాన్ని ఇచ్చి, పైగా డబ్బు కూడా ఇచ్చినట్టవుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మీ పక్క టేబుల్ ఉద్యోగికి ఆ లేఖ లాభమే కావచ్చు. ఆయన తీసుకుంటున్నారని మీరు తీసుకోవద్దు. చేతిలో కొత్త ఉద్యోగపు ఒప్పందం ఉంటే మాత్రం అది వేరే లెక్క.

కంపెనీయే తొలగిస్తే పరిస్థితి వేరు. 24 నెలలకు పైగా నిరుద్యోగ బీమా చందా కట్టారు కాబట్టి మీకు 12 నెలల భృతి వస్తుంది. నోటీసు అందిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోండి. తొలగింపును కోర్టులో సవాలు చేయాలంటే గడువు మూడు వారాలే. ఐజీ మెటల్ కార్మిక సంఘంలో సభ్యత్వం లేకపోతే ఇప్పుడే తీసుకోండి. స్థూల జీతంలో 1 శాతం చందా, మూడు నెలల తర్వాత ఉద్యోగ వివాదాల్లో న్యాయ సహాయం అందుతుంది. అవసరం వచ్చాక చేరితే ఆ సహాయం దొరకదు.

ఇక ఫ్లాట్. యూరోకు నూరు రూపాయల చొప్పున లెక్క వేద్దాం. కోటి రూపాయల రుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలసరి వాయిదా సుమారు 86,800 రూపాయలు, అంటే 870 యూరోలు. 23 లక్షలు కట్టడానికి షేర్లు కూడా అమ్మేస్తే మీ దగ్గర మిగిలేది 8,000 యూరోలు. ఉద్యోగం పోయి భృతి వెంటనే మొదలైతే, ఫ్లాట్ లేకుండా మీకు నెలకు తగ్గేది 100 యూరోలు మాత్రమే. ఫ్లాట్ ఉంటే 970. పరిహారం తీసుకుని భృతి ఆగిపోయిన మూడు నెలల్లో ఫ్లాట్‌తో కలిపి అయ్యే ఖర్చు 10,700. పన్ను పోగా ఆ పరిహారంలో మిగిలేది కూడా చాలావరకు అందులోనే కరిగిపోతుంది. ఆ తర్వాత భృతి మొదలైనా ప్రతి నెలా లోటు 970 అలాగే ఉంటుంది. పిల్ల ఉన్న ఇంట్లో ఇంత పల్చటి అడ్డుగోడ పెట్టుకుని పరాయి దేశంలో ఉండటానికి నేను ఒప్పుకోలేను.

కాబట్టి వచ్చే నెల ఆ 23 లక్షలు కట్టవద్దు. బిల్డర్‌తో మాట్లాడి గడువు అడగండి, ఒప్పుకోకపోతే టోకెన్ వెనక్కి అడగండి. ఆ 2 లక్షలు పూర్తిగా పోయినా సరే, మిగతా 23 లక్షలు కట్టడానికి అది కారణం కాకూడదు. మరో సంగతి. రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. ముందు డబ్బు, తర్వాత కాగితాలు అని ఎవరైనా అంటే అక్కడితో ఆ బేరం మానుకోండి.

షేర్లు అమ్మేయండి. అమ్మడానికి ఆంక్షలు లేనివన్నీ. ధర పడిపోయింది, అమ్మకం కుదిరితే లేస్తుంది కదా అనిపిస్తుంది. కానీ మీ జీతం, వీసా, పాప బడి, అన్నీ ఇప్పటికే ఆ కంపెనీ మీద ఆధారపడి ఉన్నాయి. పొదుపు కూడా అక్కడే ఎందుకు? 2009లో జనరల్ మోటార్స్ పాత షేర్లు కొన్నవారికి చివరకు ఏమీ మిగల్లేదు. అదే సమయంలో జర్మనీలో ఓపెల్‌ను ట్రస్టీల చేతికి ఇచ్చి దివాలా నుంచి కాపాడారు. అంటే అనుబంధ సంస్థ బతికినా మాతృసంస్థ షేరు సున్నా కావచ్చు. అమ్మకం గురించి బయటకు రాని సమాచారం ఉద్యోగరీత్యా మీకు తెలిసి ఉంటే మాత్రం, కంపెనీ న్యాయ విభాగాన్ని అడగకుండా ఒక్క షేరు కూడా ముట్టుకోవద్దు.

వచ్చిన 12,000ను 19,000కు చేర్చి అక్కడే, యూరోల్లోనే, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉంచండి. ఒక్కో బ్యాంకులో లక్ష యూరోల దాకా డిపాజిట్ రక్షణ ఉంది. ఇండియాలో వడ్డీ ఎక్కువని ఎన్ఆర్ఈ ఖాతాకు (ప్రవాస భారతీయులు భారత్‌లో తెరిచే రూపాయల ఖాతా) పంపవద్దు. అవసరం వచ్చేది జర్మనీలో. పైగా భారత్‌లో పన్ను లేని ఆ వడ్డీని జర్మనీలో చూపించాలి.

అమ్మకం నిజంగానే జరిగితే ఒక్క విషయం కనుక్కోండి: కంపెనీ వాటాలు అమ్మారా, కర్మాగారాన్ని లేదా విభాగాన్ని విడదీసి అమ్మారా? వాటాలైతే మీ యజమాని మారినట్టు కాదు, ఒప్పందం యథాతథంగా ఉంటుంది. విభాగాన్ని అమ్మితే జర్మన్ సివిల్ కోడ్ 613ఎ సెక్షన్ వర్తిస్తుంది. మీ ఉద్యోగం, సర్వీసు కొత్త యజమానికి బదిలీ అవుతాయి, బదిలీని కారణంగా చూపి తొలగించకూడదు. మీకు రాతపూర్వకంగా తెలియజేసిన నెలలోపు అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది. దాన్ని ఉద్యోగుల మండలిని అడగకుండా వాడవద్దు, ఎందుకంటే వెనుక మిగిలే పాత కంపెనీలో పని ఉండకపోవచ్చు.

మీ భార్య గురించి ఒక్క వాక్యమే రాశారు. బ్లూ కార్డ్ ఉన్నవారి జీవిత భాగస్వామికి జర్మనీలో ఏ ఉద్యోగమైనా చేసే హక్కు ఉంది. ఆవిడ చదువు, అనుభవం, జర్మన్ స్థాయి ఏమిటో మీరు చెప్పలేదు. ఆవిడకు ఇష్టమైతే, సగం రోజు పనితో నెలకు 1,000 యూరోలు వచ్చినా పైన చెప్పిన 970 లోటు పూడిపోతుంది. ఆవిడ వివరాలు, శాశ్వత నివాసం దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో రాసి పంపండి. తెల్లాపూర్ లెక్క అప్పుడు మళ్లీ వేద్దాం.