వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ విషయంలో సంతకం ఎవరిది?

ప్రశ్న: మాది గాజువాక. మా బాబుకి 13 ఏళ్లు. రెండేళ్ల కిందట మెదడులో గడ్డకి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. గడ్డ మళ్ళీ వచ్చింది. 12 రోజులుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇక తగ్గేది కాదని డాక్టర్లు చెప్పేశారు. మావారు షిప్పులో పనిచేస్తారు. ఇంకో తొమ్మిది, పది రోజులకి గానీ ఇల్లు చేరలేరు. "నేనొచ్చేదాకా ఏదీ ఆపొద్దు" అంటున్నారు. చేర్చిన రాత్రి కాగితాల మీద మా మరిది సంతకం పెట్టాడు. అప్పట్నుంచీ ఆసుపత్రివాళ్ళు ఏ విషయమైనా అతన్నే అడుగుతున్నారు. ఇంటికి తీసుకెళ్తామంటే 'లామా' ఫారం (డాక్టర్ల సలహాకి వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామనే కాగితం) మీద సంతకం పెట్టమంటున్నారు. పైపు వేయకముందు బాబు నోటుబుక్కు చివరి పేజీలో "మళ్ళీ గొంతులో పైపు వద్దమ్మా" అని రాశాడు. తల్లిగా నా మాటకి చట్టంలో విలువ ఉందా? ఈ నిర్ణయం ఎవరిది?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ లామా ఫారం మీద ప్రస్తుతానికి ఎవరూ సంతకం పెట్టకండి. మీరూ వద్దు, మీ మరిదీ వద్దు. ఎందుకు వద్దో కింద చెబుతాను.

మీ మాటకి విలువ ఉంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956లోని 6వ సెక్షన్ మైనరు పిల్లవాడికి సహజ సంరక్షకులు 'తండ్రి, ఆయన తర్వాత తల్లి' అంటుంది. ఆ 'తర్వాత' అన్న మాటకి తండ్రి చనిపోయాక అని అర్థం చెప్పకూడదనీ, తండ్రి లేని సమయంలో అని చదువుకోవాలనీ సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తేల్చింది. తల్లీబిడ్డలు ఉన్నచోటికి తండ్రి దూరంగా ఉండిపోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి స్కానుకైనా, రక్తం ఎక్కించడానికైనా, మందు మార్చడానికైనా ఈ రోజు మీ ఒక్కరి సంతకం సరిపోతుంది. అయితే వెంటిలేటర్ తీయడం లాంటి నిర్ణయానికి మీ ఒక్కరి సంతకం మీద ముందుకు వెళ్ళమని నేను చెప్పను. మీవారు బతికున్నారు, ఫోనుకి దొరుకుతున్నారు, అభిప్రాయం చెబుతున్నారు. ఆయన్ని పక్కనపెట్టి జరిగిన పని రేపు కోర్టులో నిలబడినా, మీ ఇంట్లో నిలబడదు.

మీ మరిది సంగతికి వస్తే, తల్లిదండ్రులు ఉండగా బాబాయికి సంరక్షకుడి హోదా రాదు. కోర్టు ప్రత్యేకంగా నియమిస్తే తప్ప. ఆ రాత్రి ఊపిరి అందని పిల్లాడికి పైపు వేయడంలో డాక్టర్ల తప్పూ లేదు, సంతకం పెట్టిన అతని తప్పూ లేదు. అంత అత్యవసరంలో సమ్మతి తీసుకునే వీలు లేకపోయినా చికిత్స చేయవచ్చని మన శిక్షా చట్టం, అంటే భారతీయ న్యాయ సంహిత, 30వ సెక్షనే అంటోంది. కానీ ఆ ఒక్క సంతకంతో తర్వాతి నిర్ణయాలన్నీ అతని చేతికి పోవు. మెడికల్ సూపరింటెండెంటుకి ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి: "నేను ఈ పిల్లవాడి తల్లిని. ఇకపై ప్రతి సమ్మతీ నన్నూ, నా భర్తనూ అడిగే తీసుకోవాలి. ఈ ఉత్తరాన్ని కేస్ షీటులో చేర్చండి." రెండో కాపీ మీద తేదీ, సమయం, ముద్ర వేయించుకోండి. మీవారు మరిదికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చి ఉన్నా, ఇలాంటి సమ్మతికి దాన్ని ఆధారం చేసుకోవద్దు. అది స్థలాలకీ, బ్యాంకు పనులకీ రాసుకునే కాగితం.

ఇక అసలు ప్రశ్న. మన దేశంలో ఈ నిర్ణయం తల్లిదే, తండ్రిదే, డాక్టరుదే అని ఏ ఒక్కరికీ కట్టబెట్టలేదు. దీని మీద పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన మార్గదర్శకాలు, 2023 జనవరి 24న వాటికి చేసిన సవరణలు, ఇవే ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలు. ఏ చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టుకునే వీలునామా లాంటి పత్రం (ముందస్తు పత్రం) 18 ఏళ్లు నిండినవారికే చెల్లుతుంది. పిల్లలకి విడిగా నియమం రాయలేదు. అందుకని మీ బాబు 'ముందస్తు పత్రం లేని, తన నిర్ణయం తాను చెప్పలేని రోగి' కిందికి వస్తాడు.

అలాంటి రోగికి దారి ఇది. ఆసుపత్రి ఒక ప్రాథమిక వైద్య మండలిని వేయాలి. అందులో చికిత్స చేస్తున్న డాక్టరు, ఆ జబ్బుకి సంబంధించిన విభాగంలో కనీసం 5 ఏళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు ఉండాలి. వాళ్ళు మీతో మాట్లాడి, ఆ మాటలన్నీ రాతలో పెట్టి, మీ రాతపూర్వక సమ్మతి తీసుకుని, వీలైనంతవరకూ 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. తర్వాత ద్వితీయ మండలి. మొదటి దాంట్లో లేని ఇద్దరు నిపుణులు, వాళ్ళకీ అదే 5 ఏళ్ల అనుభవం, వాళ్ళతోపాటు జిల్లా వైద్యాధికారి పంపిన ఒక రిజిస్టర్డ్ డాక్టరు. దీనికీ 48 గంటలే. రెండు మండలులూ సరేనంటే, అమలు చేసేముందు ఆసుపత్రి జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకి తెలియజేస్తుంది. గమనించండి, తెలియజేయడమే. 2018 పద్ధతిలో రెండో మండలిని కలెక్టరు వేయాలి, మేజిస్ట్రేటు స్వయంగా ఐసీయూకి వచ్చి చూడాలి. ఆచరణలో అది సాగలేదు గనకే మార్చారు. ఇప్పటికీ కొన్ని ఆసుపత్రులు "కోర్టు ఆర్డరు తెచ్చుకోండి" అంటున్నాయంటే ఆ పాత పద్ధతే గుర్తుండి.

మన దగ్గర ఇది ఎక్కువగా ఆగిపోయే చోటు డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి) కార్యాలయం. తీర్పులో 'జిల్లా చీఫ్ మెడికల్ ఆఫీసర్' అని ఉంటుంది, మన రాష్ట్రంలో ఆ పని డీఎంహెచ్‌వోది. ప్రాథమిక మండలి సమావేశమైన రోజునే ఆసుపత్రి చేత అక్కడికి ఉత్తరం రాయించండి. మొదటి అభిప్రాయం వచ్చాక రాద్దామంటే రెండు రోజులు వృథా. ఉత్తరానికి 2023 ఉత్తర్వు కాపీ జతచేయాలి, లేకపోతే ఫైలు "ఇది మా పనేనా?" అన్న ప్రశ్న దగ్గరే కూర్చుంటుంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఇదే విషయం మీద సర్క్యులర్ ఇచ్చింది. అది మనకి వర్తించదు గానీ, అధికారికి పద్ధతి అర్థమవడానికి నమూనాగా పనికొస్తుంది.

మీవారు "నేనొచ్చేదాకా ఆపొద్దు" అనడాన్ని మొండితనం అనుకోకండి. బిడ్డని ఒక్కసారి ముట్టుకోవాలని అడుగుతున్న తండ్రి ఆయన. ఆపడం, సాగించడం అనే రెండు దారులే ఉన్నాయని ఇంట్లో అందరూ అనుకోవడంవల్లే ఇలాంటి గొడవలు ముదురుతాయి. నడిమి దారి ఉంది. ఉన్న వెంటిలేటర్ ఉంచుతారు. కొత్తగా డయాలసిస్, మరో ఆపరేషన్, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం లాంటివి మొదలుపెట్టరు. దీన్ని గడువు పెట్టి, ఫలానా తేదీ వరకూ అని రాసుకోవచ్చు. గుండె ఆగినప్పుడు తిరిగి కొట్టించే ప్రయత్నం చేయకూడదన్న నిర్ణయాన్ని ఎలా నమోదు చేయాలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి రెండు మండలులూ అక్కర్లేదు. చికిత్స చేస్తున్న డాక్టరు మీకు వివరించి, మీతో చర్చించి, కేస్ షీటులో తన సంతకంతో రాస్తారు. ఇది లేకపోతే ఏమవుతుందో చెప్పాలి. రాత్రి రెండింటికి గుండె ఆగుతుంది, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకి కేస్ షీటులో ఏ ఆదేశమూ కనబడదు, తన పని తాను చేస్తాడు. పక్కటెముకలు విరుగుతాయి. మీరేమో తలుపు బయట ఉంటారు.

మీవారు షిప్పు నుంచే ఈ చర్చలో పాల్గొనవచ్చు. డాక్టర్లతో వీడియో కాల్ పెట్టించండి. మాట్లాడాక ఆయన తన ఒప్పుదలో, అభ్యంతరమో సొంత చేతిరాతతో రాసి, షిప్పు కెప్టెన్ సమక్షంలో సంతకం చేసి, స్కాన్ చేసి తన ఈమెయిల్ నుంచే ఆసుపత్రికి పంపాలి. ఫోనులో "సరే" అన్నారని మీరు చెప్పినమాట రాతపూర్వక సమ్మతి కాదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద బాబు పరిస్థితి రాయించి కంపెనీకి పంపితే ఆయన సైన్ ఆఫ్ (షిప్పు దిగడం) త్వరపడే అవకాశమూ ఉంటుంది.

ఆ సమావేశంలో ఏం రాశారన్నదే తర్వాత అందరినీ కాపాడేది. "బంధువులకు పరిస్థితి వివరించబడినది" అన్న ఒక్క వాక్యం రాసి సంతకం అడిగితే ఒప్పుకోకండి. ఎవరెవరు కూర్చున్నారు, పిల్లాడికి వాళ్ళేమవుతారు, డాక్టరు జబ్బు గురించి ఏ మాటల్లో చెప్పారు, ఏవి ఆపుతారు, ఏవి ఆపరు, నొప్పికీ ఆయాసానికీ ఏం ఇస్తారు, తల్లి ఏమంది, తండ్రి ఏమన్నాడు, పిల్లాడు ముందు ఏం చెప్పాడు, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. చదివి వినిపించాక, తెలుగులోనే, సంతకం పెట్టండి. మనసు మారితే ఏ క్షణమైనా వెనక్కి తీసుకోవచ్చన్న వాక్యం కూడా రాయించండి.

ఇక బాబు రాసిన ఆ మాట. 13 ఏళ్ల పిల్లాడి రాత చట్టరీత్యా ముందస్తు పత్రం కాదు, డాక్టర్లు దానికి కట్టుబడనక్కర్లేదు. అంతమాత్రాన అది కొట్టిపారేసే కాగితం కాదు. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి వయసునీ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలని బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం అంటుంది. భారతదేశం 1992లో అందులో చేరింది. మన శిక్షా చట్టంలో కూడా మేలు కోరి చేసే చికిత్సకి సమ్మతి విషయంలో గీత 12 ఏళ్ల దగ్గర గీశారు, 18 దగ్గర కాదు. పైగా మీవాడికి ఆ పైపు ఎలా ఉంటుందో ఒకసారి తెలుసు, తెలిసే రాశాడు. ఆ పేజీ చింపకండి. నోటుబుక్కు నోటుబుక్కుగానే మండలికి చూపించి, ఫొటో కాపీని కేస్ షీటులో పెట్టించండి. మత్తు కాస్త తగ్గించి, తల ఊపి జవాబు చెప్పగలడేమో చూడటం సాధ్యమా అని డాక్టరుని అడగండి. సాధ్యమైతే, ఆ ప్రశ్న అడిగేది మీరో, వాడికి నచ్చిన నర్సో అయితే మంచిది.

లామా ఎందుకు వద్దన్నానో ఇప్పుడు. ఆ ఫారంలో ఉండేది దాదాపు ఇంతే: డాక్టర్ల సలహాకి వ్యతిరేకంగా, మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత. మీ విషయంలో అది అబద్ధం. ఇక లాభం లేదన్నది డాక్టర్లే. ఆ సంతకంతో ఆసుపత్రి చేతులు దులుపుకుంటుంది, బాబు చేతికి మందు చీటీ రాదు. అంబులెన్సులో బ్యాగ్ నొక్కుకుంటూ గాజువాక తెచ్చి, ముందు గదిలో టెక్నీషియన్ పైపు లాగేస్తే, మత్తూ మార్ఫినూ లేని పిల్లాడు ఊపిరికి పెనుగులాడుతూ పోతాడు. ఆ తర్వాత ఇంట్లో జరిగిన మరణానికి కారణం ధ్రువీకరిస్తూ 4ఏ ఫారం ఇచ్చే డాక్టరు కోసం వెతుకులాట. శ్మశానంలోనూ, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)లో 21 రోజుల్లోపు చేయించాల్సిన మరణ నమోదులోనూ ఆ కాగితం అడుగుతారు.

రెండు మండలుల దారిలో వెళ్తే వెంటిలేటర్ తీసేముందే ఆయాసం తెలియకుండా మందు ఇస్తారు, మీరు పక్కనే కూర్చోవచ్చు. ఇంట్లోనే జరగాలని మీ కోరికైతే దాన్నీ ప్రణాళికలో రాయించండి. మార్ఫిన్ ప్రాణం తీసే మందు అని భయపడే పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు. బరువును బట్టి లెక్కగట్టి, బాధ తగ్గించడానికి ఇచ్చిన మోతాదు నేరం కాదు. ప్రాణం తీయాలనే ఇంజెక్షన్ ఇస్తే మాత్రం, తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకున్నా అది హత్యానేరమే. 12 ఏళ్ల లోపు పిల్లల విషయంలో కూడా న్యాయ సంహిత 27వ సెక్షన్ సంరక్షకుల సమ్మతికి ఆ హద్దు స్పష్టంగా పెట్టింది. మత్తుమందుల నియంత్రణకి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణ తర్వాత గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్ నిల్వ ఉంచుకుని ఇవ్వడం సులువైంది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. వాళ్ళ పాలియేటివ్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే) విభాగానికి మీ డాక్టరు చేత రెఫరల్ లెటర్ రాయించండి. దాంతోపాటు కేస్ షీటు కాపీ కావాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి (ఎంసీఐ) 2002 నిబంధనల్లో ఉంది. బిల్లు బాకీ ఉందని పిల్లాడిని గానీ, తర్వాత దేహాన్ని గానీ ఆపుకునే హక్కు ఆసుపత్రికి లేదు.

మీవారు వచ్చాక కూడా ఇద్దరికీ కుదరకపోతే? మీ ఇద్దరి ఒప్పుదలా లేకుండా ఆసుపత్రి తనంతట తాను వెంటిలేటర్ తీయకూడదు. బ్రిటన్‌లో 2017లో చార్లీ గార్డ్ అనే పసిబిడ్డ విషయంలో తల్లిదండ్రులు చికిత్స కావాలన్నారు, ఆసుపత్రి వద్దంది, చివరికి కోర్టే బిడ్డ మేలు చూసి నిర్ణయించింది. ఇక్కడ కూడా చివరి తలుపు కోర్టే. మండలి నిరాకరించినా, ఇంట్లో ఏకాభిప్రాయం రాకపోయినా అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయాలి. ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషన్ వేయించే ప్లీడర్లుంటారు, అక్కడ వాయిదాలతో రోజులు పోతాయి, పని జరగదు. రిట్ ఈ-ఫైలింగ్ చేసి, అత్యవసరమని లంచ్ మోషన్ అడిగితే ఆ రోజే విచారణకి తీసుకునే వీలుంది. ధర్మాసనం స్వతంత్ర డాక్టర్ల కమిటీని వేసి అభిప్రాయం తెప్పించుకోగలదు. ఖర్చుకి జంకకండి. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. విశాఖ జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా సరే. వెళ్ళేటప్పుడు బాబు జనన ధ్రువపత్రం, మీ ఆధార్, తాజా స్కాన్ రిపోర్టు, ముద్ర వేయించుకున్న మీ ఉత్తరం కాపీ పట్టుకెళ్ళండి.