మహబూబ్‌నగర్ వైపు పిల్లలకు ఉచితంగా చూపించదగ్గ రాజుల ఇళ్లు, కోటలు ఏమైనా ఉన్నాయా? గైడ్ ఉంటారా?

ఉన్నాయండీ. నన్నడిగితే ముందు గద్వాల వెళ్లండి. 2016లో వేరే జిల్లా అయింది గానీ, అంతకుముందు అదీ పాలమూరే, అంటే మహబూబ్‌నగర్ జిల్లానే. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే రైలెక్కితే దారిలోనే దిగొచ్చు. గద్వాల సంస్థానాన్ని ఏలిన నల్ల సోమనాద్రి కట్టించిన కోట ఊళ్లోనే ఉంది. లోపల చెన్నకేశవస్వామి గుడి, ఒక డిగ్రీ కాలేజీ ఉన్నాయి.

గైడ్ కోసం వెతక్కండి, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. ఆ కాలేజీకి పేరున్న మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మే సంస్థానాన్ని చివరగా ఏలిందని అమ్మ చెబితే, మా పాప "ఆమె ఇక్కడే నడిచేదా నానమ్మా?" అని నేలకేసి చూస్తూ నిలబడిపోయింది. ఏ బోర్డు చదివితే వస్తుంది ఆ ప్రశ్న? అసలు బోర్డులే సరిగ్గా పెట్టరు మన దగ్గర. కవుల్ని పోషించి విద్వద్గద్వాల అనిపించుకున్న ఊరు! మన బడులేమో పిల్లల్ని టూర్ అంటే రిసార్టుకు తీసుకెళ్లి వేలకు వేలు గుంజుతున్నాయి. నాకు నిజంగా కడుపు మండుతుంది.

కోట చూశాక తెలిసినవాళ్ల ద్వారా ఒక మగ్గం ఇంటికి తప్పకుండా వెళ్లండి. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు పోగులు కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసి నేస్తారు. మేం వెళ్లినప్పుడు నేతాయన నాడె ఆపి, పాప వేలు పట్టుకుని సరిగ్గా ఆ కలిసే గీత మీద పెట్టాడు. ఒకవైపు మెత్తన, ఒకవైపు జారుడు. అది వెంటనే వాళ్ల నానమ్మ కొంగు లాగి, ఆ చీర అంచు తిరగేసి అదే గీత వెతికింది. దొరికాక ఇల్లంతా వినబడేలా అరిచింది. ఏ మ్యూజియంలోనైనా అద్దాల వెనక పెట్టిన చీరను అలా ముట్టుకోనిస్తారా?

ఇంకో రోజు ఉంటే వనపర్తి. సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది కాబట్టి లోపలికి వెళ్లే ముందు అనుమతి అడగండి. గద్వాలకు మాత్రం పొద్దున్నే చేరుకోండి, కోటలో ఎండ తట్టుకోలేరు. నీళ్లు, టోపీలు మర్చిపోవద్దు.