ఇంజనుకు ముసుగా, తొడుగా?

సందేహం: సొంతంగా కట్టుకునే చిన్న విమానాల గురించిన ఇంగ్లిషు పుస్తకాన్ని తెనిగిస్తున్నాను. ‘ఇంజను ముసుగును సమలేఖనం చేసి అమర్చాలి’ అని రాశాను. సరేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ముసుగు మీకు ఎందుకు తట్టిందో తెలుస్తూనే ఉంది. ఇంజను మీది కప్పును ఇంగ్లిషులో కౌలింగ్ అంటారు. అందులోని కౌల్ అంటే క్రైస్తవ సన్యాసుల తలముసుగు. లాటిన్ కుకుల్లస్ దాని మూలం. మన కుళ్లాయి పారసీక కులాహ్ నుంచి వచ్చింది. చెవికి దగ్గరగా ఉన్నాయని రెంటికీ వియ్యం కలపకండి.

శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు ఉంది. కన్నడ రాజ్యలక్ష్మికి మొర పెట్టుకుంటూ కవి కుళ్లాయి ఉంచాడు, కోక చుట్టాడు, కూర్పాసం, అంటే చొక్కాలాంటి కుట్టుబట్ట, తొడిగాడు. మూడు బట్టలకు మూడు క్రియలు! నెత్తిన నిలిచేది ఉంచుతాం, ఒంటిని తిరిగేది చుడతాం, కొలతకు కుట్టింది తొడుగుతాం. ఉంగరం, గాజులు, చొక్కా తొడిగేవే. కొలత తప్పితే ఎక్కవు. ముసుగుకు పాత దుప్పటైనా చాలు. ఇప్పటివాళ్లు చొక్కా, గాజులు, చెప్పులు అన్నిటికీ ‘వేసుకోవడం’ ఒక్కదానితోనే సంసారం ఈడుస్తున్నారు.

మీ కౌలింగు కొలతది. అది పై సగం, కింది సగంగా వస్తుంది. ప్రొపెల్లరు నడుమ ఉండే మొనటోపీ స్పిన్నరు. దాని వెనక పళ్లేనికీ కౌలింగు మూతికీ నడుమ పావంగుళం, అంటే వడ్రంగుల లెక్కలో రెండు నూళ్ల సందు వదలాలి. అంత మందం చెక్కముక్కలు అడ్డంపెట్టి బిగిస్తారు. ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మలు కొన్నాళ్లకు అణుగుతాయి. అందుకే స్పిన్నరును ముందే ఒక నూలు ఎత్తున ఉంచుతారు. తొలిరోజే సమం చేస్తే తర్వాత ముక్కు వాలుతుంది. కనుక తొడుగే మేలు. అయితే తొడుగు ఒంటిని అంటుతుంది, ఇది మాత్రం స్టార్టు చేసినప్పుడూ ఆపినప్పుడూ ఊగే ఇంజనుకు తగలకూడదు. ఆ పేచీ ఉంది గనుక కౌలింగ్ అనే ఉంచినా నేను తప్పు పట్టను.

అలైన్‌మెంటుకు సమలేఖనమా, గురజాడ ఊళ్లో కూర్చుని! లేఖనం రాత. ఇక్కడ రాసేది ఒక్క గీత. కౌలింగు పైన వేస్తే ఫైర్‌వాల్ (ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ నడుమ ఉండే అడ్డుగోడ) అంచు కనబడదు. అందుకని ముందే ఆ అంచుకు సరిగ్గా 6 అంగుళాలు వెనక, విమానం ఒంటి మీద టేపు అంటించి గీస్తారు. తర్వాత గీత నుంచి 6 అంగుళాలు ముందుకు కొలిచి కౌలింగు మీద గుర్తు పెడతారు. గుర్తుకు కాస్త బయటే కోసి, మిగిలింది ఉప్పుకాగితంతో అరగదీయాలి. లోపలికి కోస్తే మళ్లీ రెజిన్‌తో నింపుకోవలసిందే.

‘తొడుగును గీతకు సరిచూసి బిగించాలి’ అనండి.